టెక్ సందేహాలు: స్లో నిలబడని కారు, లెక్కకు రాని గాలి

ప్రశ్న: నాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాకండి. సెకండ్ హ్యాండ్‌లో కొని కోన్ ఫిల్టర్ (పెట్టె లేకుండా బానెట్ కింద తెరిచి ఉండే గాలి ఫిల్టర్), ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించాను. అప్పట్నుంచి స్లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం, నిలబడటం లేదు. ఆర్‌పీఎమ్ ముల్లు 500కీ 1,100కీ మధ్య ఊగుతుంది. కడియపులంక నర్సరీల దగ్గర ట్రాఫిక్ నెమ్మదించినా, జొన్నాడ వంతెన దిగి బ్రేక్ వేసినా ఇంజిన్ ఆగిపోతోంది. ఏసీ వేస్తే మరీను. ప్లగ్గులు, కాయిళ్లు మార్పించినా తేడా లేదు. ఇప్పుడు ఈసీఎమ్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోయిందంటున్నారు. మార్చమంటారా?
- ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: ఈసీఎమ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ మెసేజ్ చూడగానే నేను అడిగినవి రెండే అంకెలు. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లోలో లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ ఎంత, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచితే ఎంత అని. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (ఈసీఎమ్ అంకెల్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం) పెట్టి, ఫోన్‌లో టార్క్ యాప్ తెరిచి మీరు స్క్రీన్‌షాట్లు పంపారు. స్లోలో ప్లస్ 22, పైన ప్లస్ 5. జబ్బు ఎక్కడుందో ఈ రెండు అంకెలే దాదాపు చెప్పేశాయి.

ఫ్యూయెల్ ట్రిమ్ అంటే ఏమిటో ముందు చెప్తాను. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఎంత గాలి వస్తోందో సెన్సార్ కొలుస్తుంది, ఈసీఎమ్ దానికి తగ్గ పెట్రోల్ కొడుతుంది. కాలాక మిగిలిన ఆక్సిజన్‌ని సైలెన్సర్ వైపున్న ఆక్సిజన్ సెన్సార్ చూసి, లెక్క కుదరకపోతే చెబుతుంది. అప్పుడు ఈసీఎమ్ పెట్రోల్‌ని కొంత పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. ఆ పెంపూ తగ్గింపుల శాతమే ట్రిమ్. ప్లస్ 5, మైనస్ 5 మధ్య ఉంటే కంగారు లేదు. ప్లస్ 22 అంటే ఈసీఎమ్ పోవడం కాదు, అది పాపం చేతనైనంత పెట్రోల్ పోస్తూ ఇంజిన్‌ని నిలబెట్టాలని చూస్తోంది.

డెల్టా వాళ్లకి ఇది అర్థం కావడానికి కాలవ చాలు. హెడ్ స్లూయిస్ (కాలవ మొదట్లోని తూము) దగ్గర ఎంత నీరు వదిలారో లెక్క రాస్తారు. దిగువన ఎక్కడో గట్టు తెగి పక్క డ్రెయిను నీళ్లు వచ్చి కలిస్తే, చివరి చేలో ఉన్న నీటికీ ఆ పుస్తకంలో రాసినదానికీ పొంతన ఉండదు. మీ కారులో కూడా సెన్సార్ దాటాక ఎక్కడో గండి ఉంది.

అది గండే అని ఎలా చెప్పగలనంటే, తేడా స్లోలోనే పెద్దదిగా ఉంది కాబట్టి. మీ సైజు ఇంజిన్ స్లోలో సెకనుకు సుమారు 2 గ్రాముల గాలి పీలుస్తుంది. దొంగదారిన 0.4 గ్రాము వచ్చిందంటే అది అయిదో వంతు. 2,500 దగ్గర 8 గ్రాములు పోతుందనుకోండి, అదే 0.4 ఇరవయ్యో వంతే. పైగా థ్రాటిల్ (ఇంజిన్‌కి గాలి వదిలే తలుపు) మూసుకుని ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) పీల్చుడు బలంగా ఉంటుంది, తెరిచేకొద్దీ తగ్గుతుంది. అదే ఫ్యూయెల్ పంపు బలహీనపడితే స్లోలో బాగుండి, తొక్కినప్పుడు ట్రిమ్ పెరిగేది. కోన్ ఫిల్టర్‌తో వేసిన పైపు సైజు తేడా అయితే అన్ని స్పీడుల్లోనూ దాదాపు ఒకే శాతం కనిపించేది. ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిసినది) వల్ల ట్రిమ్ కాస్త ప్లస్‌లోకి రావచ్చు, అది కూడా స్లోలోనే విరుచుకుపడదు.

కోన్ ఫిల్టర్ వేసిన కార్లలో నేను మొదట చూసే చోటు ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) మీది బ్రీదర్ గొట్టం. కంపెనీ అమర్చినప్పుడు ఆ గొట్టం సెన్సార్ తర్వాతి పైపుకి కలిసి ఉంటుంది. ఇంజిన్ లోపలి ఆవిరిని పీసీవీ వాల్వ్ మ్యానిఫోల్డ్‌లోకి లాగుతుంటే, దాని బదులు లోపలికి వెళ్లే గాలి కూడా సెన్సార్ కొలిచిన గాలే అవుతుంది. కోన్ ఫిల్టర్ కిట్ వేసేటప్పుడు ఆ గొట్టం పీకేసి, కవర్ మూతికి బొటనవేలంత చిన్న బ్రీదర్ ఫిల్టర్ తగిలిస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పీసీవీ వాల్వ్ తన పని తను చేస్తూ, ఆ చిన్న ఫిల్టర్‌లోంచి కొలవని గాలిని లాగి మ్యానిఫోల్డ్‌లో పోస్తూనే ఉంటుంది.

మీకు చెప్పిన పరీక్ష అందరికీ పనికొస్తుంది కాబట్టి మళ్లీ రాస్తున్నాను. ఇంజిన్ స్లోలో ఉండగా ఆ చిన్న ఫిల్టర్ తీసి, మూతిని మందపాటి గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. అరనిమిషం చాలు. లుంగీ అంచు, కండువా బెల్టుకి దూరంగా ఉంచుకోండి. శనివారం మీరు పంపిన వీడియోలో అలా అదిమిన కాసేపటికే ముల్లు 780 దగ్గర కుదురుకుంది. చెయ్యి తీయగానే మళ్లీ ఊగింది. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అక్కడ లీకు దొరకనివాళ్లు బ్రేక్ బూస్టర్ గొట్టం, పెట్రోల్ ఆవిరిని లాగే పర్జ్ గొట్టం, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ వరసగా చూడాలి. మన వైపు ఎలుకల్ని కూడా మర్చిపోకూడదు. దాళ్వా ధాన్యం బస్తాలు అరుగు మీద ఉన్న రోజుల్లో మా బావగారి కారు ఇలాగే ఆగిపోయేది. దానికి ఏ మార్పులూ చేయలేదు. పైనుంచి ఎంత చూసినా గొట్టాలన్నీ బాగానే ఉన్నాయి. చివరికి పర్జ్ గొట్టం కింది వైపు వేలితో తడిమితే రెండు పంటి గాట్లు తగిలాయి, బియ్యపు గింజంత. వాటి కోసం ఆయన అప్పటికే రెండు సెన్సార్లు మార్పించారు. కార్బ్ క్లీనర్ కొట్టి లీకు వెతకడం చాలామందికి అలవాటు. వేడి ఇంజిన్ మీద అది అంటుకుంటుంది, దయచేసి వద్దు. గ్యారేజీలో స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి అది ఎక్కడ బయటికొస్తుందో చూసే పరీక్ష) అడగండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఆ గొట్టాన్ని సెన్సార్ తర్వాతి పైపుకి మళ్లీ కలపడం. నన్నడిగితే పాత ఎయిర్ బాక్సే తిరిగి పెట్టించండి. కోన్ ఫిల్టర్ బానెట్ కింది వేడి గాలిని పీలుస్తుంది, రోడ్ల మీద ధాన్యం ఎండబోసే రోజుల్లో పొట్టుని లాగుతుంది, వానాకాలం కాజ్‌వే మీద నీళ్లలోంచి పోతే తుంపరని మింగుతుంది. మన ఊళ్లకి అది తగిన వస్తువు కాదు. ఆ ఫిల్టర్‌కి నూనె పట్టించి ఉంటే సెన్సార్ తీగ మీద కూడా చేరి ఉండొచ్చు. దాన్ని ఎయిర్‌ఫ్లో సెన్సార్ క్లీనర్‌తోనే కడగాలి, గుడ్డ తగలకూడదు. సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలు ఉన్నాయేమో కూడా చూడండి. ఆక్సిజన్ సెన్సార్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి చేరి, అది తప్పు చెబుతుంది. తర్వాత ట్రిమ్‌లు రీసెట్ చేయించి, థ్రాటిల్ రీలెర్న్ (థ్రాటిల్ స్థానాన్ని ఈసీఎమ్‌కి మళ్లీ నేర్పించడం) చేయించండి. లేదంటే ఈసీఎమ్ పాత లెక్కతోనే కొన్నాళ్లు ఎక్కువ పెట్రోల్ పోస్తుంది.

ఇదంతా గాలిని నేరుగా కొలిచే మ్యాఫ్ సెన్సార్ ఉన్న కార్ల సంగతి. ఒత్తిడిని బట్టి లెక్కగట్టే మ్యాప్ సెన్సార్ కార్లలో లీకుంటే ట్రిమ్ అంతగా పెరగదు, స్లో పైకి లేచి కూర్చుంటుంది. మిగతా పాఠకులు తమ కారులో ఏదుందో ముందు తెలుసుకోవాలి.

ప్రశ్న: మాది పాత కార్బరేటర్ బండి, ఓబీడీ లేదు. పొద్దున్న బాగానే ఉంటుంది, వేడెక్కాక స్లోలో ఆగిపోతోంది.
- పాలకొల్లు

జవాబు: వేడెక్కాక చోక్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో ముందు చూడండి. తర్వాత స్లో జెట్ (స్లోలో పెట్రోల్ వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్క) తీసి గాలి కొట్టించండి. కార్బరేటర్ అడుగు గ్యాస్కెట్ ఎండి చిట్లినా ఇదే లక్షణం. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాతకాలపు రబ్బరుని పాడుచేస్తుంది, కాబట్టి గొట్టాలు, డయాఫ్రమ్ కూడా కొత్తవి వేయించండి.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో మా కారు రీమ్యాప్ ఫైల్ (ఈసీఎమ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు మార్చేది) దొరికింది. వేసుకుంటే స్లో సమస్య పోతుందా?
- భీమవరం

జవాబు: వద్దు. ఒకే మోడల్‌లో కూడా ఈసీఎమ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్లు వేరువేరుగా ఉంటాయి. సరిపోని ఫైల్ ఎక్కితే కారు స్టార్ట్ కూడా కాకపోవచ్చు. ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిపిన ఫైల్ అయితే పిస్టన్లే దెబ్బతినొచ్చు. పైగా లీకు అలాగే ఉంచి ట్యూన్ చేస్తే, ఆ తప్పునే ఫైల్‌లో రాసుకున్నట్టు. తర్వాత ఎవరైనా లీకు సరిచేస్తే కారు మళ్లీ మొరాయిస్తుంది. చట్టం కూడా తెలుసుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మీ కారు స్లో ట్రిమ్, 2,500 దగ్గర ట్రిమ్ రెండూ పంపండి, అసలు ఏం జరుగుతోందో చూద్దాం. అంకెలు తీశాక అడాప్టర్‌ని సాకెట్‌లోంచి పీకేయండి, రాత్రంతా ఉంచితే బ్యాటరీ తింటుంది.