విదేశానికి ఇల్లు మారుస్తుంటే: ఏ సామాను ఎక్కించాలి, ఏది వదిలేయాలి

అమ్మాయీ,

కంటైనర్ మాట్లాడుకోకముందే సామాను సంగతి తేల్చుకోవాలనుకోవడం మంచి పని. చాలామంది ముందు ప్యాకర్లను పిలుస్తారు, వాళ్లు ఇల్లంతా ఒక చూపు చూసి ఇంత చోటు కావాలని ఒక అంకె చెబుతారు, ఆ అంకె నిండేదాకా చేతికందినవన్నీ ఎక్కుతాయి. నువ్వు ముందు కొలిచే టేపు పట్టుకో.

ఓడలో వెళ్లే ఇంటి సామానుకు చాలావరకు డబ్బు కట్టేది బరువుకు కాదు, అది పట్టే చోటుకు. కాబట్టి ఒక్కో వస్తువు దగ్గరా ఆగి చూసుకోవలసింది ఇంతే: ఇది ఎన్ని ఘనపు మీటర్లు? అంత చోటుకు కట్టే డబ్బుతో అక్కడ ఇలాంటిదే దొరుకుతుందా? ఎంత పెట్టి కొన్నావన్నది ఈ లెక్కలోకి రాదు, ఎంత బాధ కలిగినా సరే. పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో కొలిచి గుణించు. మూడు సీట్ల సోఫా 2.1 × 0.95 × 0.85 ఉంటే దాదాపు 1.7 ఘనపు మీటర్లు. 20 అడుగుల కంటైనర్ లోపల సుమారు 33 ఘనపు మీటర్లు ఉంటుంది. సందులు పోగా 25 నుంచి 28 దాకా నింపగలిగితే బాగా సర్దినట్టే.

ఈ లెక్క వేస్తే అనుకోనివి బయటపడతాయి. డైనింగ్ టేబుల్ పెద్దదని భయపడతాం. 1.8 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, 0.75 ఎత్తున్న బల్ల నిలబడి ఉంటే 1.2 ఘనపు మీటర్లు. కాళ్లు విప్పి పలకను విడిగా చుడితే 0.2 కూడా దాటదు. చోటు తినేవి కుర్చీలు. అవి విడిపోవు, ఒక్కోటి 0.2 పైనే, ఆరు కలిపితే 1.3. మంచి చెక్క బల్ల తీసుకెళ్లి కుర్చీలు అక్కడ కొనుక్కోవడం వింతగా అనిపించినా లెక్కకు సరైనది. పుస్తకాలూ అంతే: బరువని వదిలేస్తారు గానీ ఓడలో అవి పట్టే చోటు తక్కువ. చిన్న పెట్టెల్లో, ఒక్కోటి 18 కిలోలు దాటకుండా సర్దితే చాలు. విమానంలో పంపేటప్పుడు మాత్రం ఈ మాట వర్తించదు.

తరువాత చెక్క ఏమిటో చూడు. బీరువా వెనక పలకో, అరల అంచో గీకి చూస్తే రంపపు పొట్టు నొక్కి చేసిన బోర్డు అయితే తెలిసిపోతుంది. దాన్ని వదిలెయ్. ఆ బోర్డులో మరలు (స్క్రూలు) పట్టుకునేది ఒక్కసారే. విప్పి మళ్లీ బిగిస్తే రంధ్రాలు వదులై అరలు ఊగుతాయి. పైగా కంటైనర్ లోపల పగలు వేడెక్కి రాత్రి చల్లబడి పైకప్పు నుంచి నీటిచుక్కలు రాలుతుంటాయి, ఆ తేమకు అంచులు ఉబ్బుతాయి. గట్టి చెక్కకు వేరే ఇబ్బంది. చలికాలం ఇంట్లో హీటర్లు నడిచే దేశానికి వెళ్తుంటే లోపలి గాలి బాగా పొడిబారుతుంది, చెక్క తన రేఖలకు అడ్డంగా కుంచించుకుంటుంది. బల్ల పలకను కింది చట్రానికి మరలతో కదలకుండా బిగించేసి ఉంటే, కుంచించుకోవడానికి దారిలేక చీలుతుంది. వడ్రంగి చేత ఆ రంధ్రాలను అడ్డంగా కాస్త కోలగా చేయించు. మర కింద వాషరు వేస్తే పలక అటూ ఇటూ ఆడుతుంది. అరపూట పని.

చెక్క కింద సన్నని పొడి రాలుతుంటే పురుగు ఉన్నట్టే, దాన్ని ఎక్కించకు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తనిఖీ మరీ కఠినం. తోటలో వాడిన కుర్చీల కాళ్లకు మట్టి అంటి ఉన్నా ఆపి కడిగిస్తారు, ఖర్చు నీదే. రోజ్‌వుడ్ జాతి చెక్కపై 2017 నుంచి అంతర్జాతీయ ఆంక్షలు పెరిగాయి. అలాంటి చెక్క 10 కిలోలు దాటేట్టుంటే అనుమతి పత్రం కావాలేమో ముందే అడుగు. ప్యాకర్లు చేసే చెక్క పెట్టెల మీద, పురుగు చావడానికి చెక్కను వేడి చేశారని చూపే ముద్ర ఉందో లేదో కూడా చూసుకో.

సోఫా విషయంలో ధర కన్నా తలుపు ముఖ్యం. దిండ్లు తీసి సోఫాను పక్కనుంచి చూడు. దాని వీపు పై అంచు నుంచి, చెయ్యి ఆనించుకునే భాగం ముందు అంచు దాకా ఒక తిన్నని కర్ర ఆనించు. ఇప్పుడు వెనక కింది మూల నుంచి ఆ కర్ర మధ్యకు టేపు పెట్టి కొలువు. ఆ కొలత తలుపు తెరిచినప్పుడు మిగిలే ఖాళీ వెడల్పు కన్నా తక్కువైతే సోఫాను వాల్చి లోపలికి తోయొచ్చు. తలుపుకు ఎదురుగా వెంటనే గోడ ఉంటే మాత్రం సోఫాను నిలబెట్టి తిప్పాలి, అప్పుడు పొడవు కూడా తలుపు ఎత్తుకు లోపల ఉండాలి. అక్కడి ఇంటి యజమానిని అడగాల్సినవి: వీధి తలుపు, లిఫ్టు లోపలి కొలతలు, మెట్ల మలుపు. ఫొటో పంపితే సరిపోదు, అంకెలు కావాలి. ఇల్లు ఇంకా కుదరలేదంటే సోఫా వదిలేయడమే మేలు.

మంచం, పరుపు విడదీయకు. రెండూ వెళ్లాలి, లేదా రెండూ ఉండిపోవాలి. అమెరికాలో క్వీన్ సైజు 152 × 203 సెంటీమీటర్లు, యూరప్‌లో చాలాచోట్ల 160 × 200, బ్రిటన్‌లో కింగ్ అనేది 150 × 200. మంచం ఒక్కటే తీసుకెళ్తే పరుపు సరిపడక తిప్పలు. దుప్పట్ల సంగతీ మంచంతోపాటే తేలిపోతుంది. పరుపును గాలి తీసి చుట్టించమని ఎవరైనా చెబితే వినకు. ఓడ ప్రయాణం, కస్టమ్స్ కలిపి రెండు మూడు నెలలు పట్టొచ్చు. అన్నాళ్లు నలిగి ఉన్న ఫోమ్ పూర్తిగా పైకి లేవదు.

కర్టెన్లు పొడవైతే కత్తిరించొచ్చు, పొట్టివైతే చేసేదేమీ లేదు. బాగా పొడవున్నవే పెట్టు. తివాచీ ఉతికి, పూర్తిగా ఆరాక చుట్టు, మడత పెట్టకు. బల్బు మార్చుకునే దీపాలు పట్టుకెళ్లొచ్చు, ప్లగ్గూ బల్బూ మారిస్తే చాలు. సీలింగ్ ఫ్యాన్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటి మోటారు సామాను వెనక ఉన్న చీటీ చదువు: 100–240 వోల్టులు అని ఉంటే సరే, 220–240 అని మాత్రమే ఉంటే అమెరికాకో జపాన్‌కో పనికిరాదు. జర్మనీకైతే ఇంకో సంగతి: అక్కడ అద్దె ఇళ్లలో వంటగది అల్మరాలు కూడా లేకపోవడం మామూలే.

కస్టమ్స్ సుంకం పడకుండా ఉండాలంటే కొత్త వస్తువులు కొని ఎక్కించకు. యూరోపియన్ యూనియన్‌లో మినహాయింపు కావాలంటే కనీసం 6 నెలలు వాడినవై ఉండాలి, అమెరికాలో ఇంటి సామానుకు ఏడాది. పాత బిల్లులు దగ్గర పెట్టుకో.

బీమాలో ప్రతి వస్తువుకూ అక్కడ కొత్తది కొనాలంటే ఎంతవుతుందో ఆ విలువే రాయించు. నువ్వు స్వయంగా సర్దిన పెట్టెలో గాజు పగిలితే సాధారణంగా పరిహారం రాదు, అందుకని పగిలేవి ప్యాకర్ల చేతే సర్దించు. ఆరింట్లో ఒక కుర్చీ విరిగితే ఒక్కదానికే ఇస్తారా, మొత్తం ఆరింటికా అని అడిగి రాతలో తీసుకో. ప్యాకర్ల జాబితాలో, గీతలు లేని మంచి బల్ల పక్కన ‘గీతలున్నాయి’ అని రాసి ఉంటే సంతకం పెట్టకముందే ఆ మాట కొట్టేయించు.

విప్పిన మరలను వస్తువుకే టేపుతో అంటించకు, వేడికి టేపు పాలిష్‌ను ఊడబీకుతుంది. ఒక్కో వస్తువు మరలు ఒక్కో సంచిలో వేసి, జాబితాలోని నంబరు రాసి, అన్నీ ఒకే పెట్టెలో పెట్టు. స్పానర్లు, స్క్రూడ్రైవర్ అందులోనే. ఆ పెట్టె కంటైనర్‌లోకి అన్నిటికన్నా చివర ఎక్కాలి, అప్పుడే అక్కడ ముందు దిగుతుంది.

— బాబాయి