రోడియం పూతా, పోతా?

సందేహం: 'రోడియం పోత పోసిన తెల్ల బంగారు ఉంగరం' అని ఒక వ్యాసంలో చదివాను. ఇంకోచోట 'రోడియం తాపడం' అని కనిపించింది. ఏది సరైనది? గిల్టు అనేస్తే పోదా?

సమాధానం: పూత అనాలి. రోడియం వెండిలా తెల్లగా ఉండే ఖరీదైన లోహం. కోయు నుంచి కోత, మేయు నుంచి మేత వచ్చినట్టే పూయు నుంచి పూత, పోయు నుంచి పోత వచ్చాయి. వినడానికి దగ్గరగా ఉన్నా రెండూ వేర్వేరు పనులు. కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తే పోత. బంగారం కరగడానికి 1,064 డిగ్రీల సెల్సియస్ చాలు, రోడియంకు 1,964 కావాలి. ఉంగరం మీద నిజంగానే రోడియం పోత పోయబోతే అడుగున బంగారం మిగలదు!

అసలు జరిగేది వేరు. రోడియం లవణం ఉన్న ఆమ్ల ద్రావణంలో ఉంగరాన్ని ముంచి, రుణధ్రువానికి కలిపి కరెంటు పంపిస్తారు. రోడియం దానిమీద పలచగా పట్టుకుంటుంది. నగల మీద ఆ మందం మామూలుగా ఒక మైక్రాన్‌కు (మిల్లీమీటరులో వెయ్యో వంతుకు) లోపే. తెల్ల బంగారం అంటే పల్లాడియమో నికెలో కలిపిన బంగారం కదా, అందులో తరచూ కాస్త పసుపు ఛాయ మిగిలిపోతుంది. దాన్ని కప్పడానికే ఈ తంటా అంతా. వాడగా వాడగా ఒరుసుకునే చోట ఆ పొర అరిగి పసుపు బయటపడుతుంది. అప్పుడు 'పూత పోయింది, మళ్ళీ వేయించాలి' అంటాం. పోత పోయిందని ఎవరూ అనరు.

తాపడం అంటే రేకు తొడగడం. తలుపు చెక్క మీద వెండి రేకు పరిచి మేకులతో బిగిస్తే అది తాపడం. ఇక్కడ రేకూ లేదు, మేకూ లేదు. గిల్టు అనడం అర్థం ప్రకారం మరీ తప్పు కాదు గానీ, ఆ మాటలో లోపల చవక, పైన మెరుగు అనే ధ్వని ఉంది. రోడియం చాలాసార్లు బంగారం కంటే ఎక్కువ ధర పలికింది. 2021లోనైతే ఎన్నో రెట్లు. పైపొరే ఖరీదైనదైతే గిల్టు అని ఎలా అంటాం?

చెట్లు పూయడాన్నీ పూత అనే అంటాం. రోడియం పేరులోనూ ఒక పువ్వుంది. 1804లో విలియం వొలాస్టన్ ప్లాటినం ముడిఖనిజం నుంచి ఈ లోహాన్ని వేరుచేసినప్పుడు, దాని లవణాల గులాబీ రంగు చూసి గ్రీకులో గులాబీకున్న పేరు మీదుగా రోడియం అన్నాడు. లోహం మాత్రం వెండిలా తెల్లగానే ఉంటుంది.

'పూత'ను ఎగరగొట్టి రాయడం ఇంకో చిక్కు. 1979లో గిన్నిస్ రికార్డుల పుస్తకం వారు బీటిల్స్ బృందపు గాయకుడు పాల్ మెకార్ట్‌నీకి ఇచ్చింది రోడియం పూత పూసిన డిస్క్ (పాటల రికార్డు). ఉత్త 'రోడియం డిస్క్' అంటే మొత్తం రోడియమే అనుకుంటారు.

ఈ లోహం ఎక్కువగా పోయేది నగలకు కాదు, కార్ల పొగగొట్టాల్లో పొగను శుద్ధి చేసే కన్వర్టర్లకు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అది మామూలు నైట్రోజన్‌గా మారుస్తుంది. అక్కడా తేనెపట్టు లాంటి పింగాణీ గదుల గోడలకు పట్టించేదే కాబట్టి పూత అనొచ్చు. కొలిమి వేడిని కొలిచే థర్మోకపుల్ సంగతి వేరు. అందులో ప్లాటినంలో 10 లేదా 13 శాతం రోడియం కలిపి తీగ తీస్తారు. దాన్ని 'రోడియం కలిపిన ప్లాటినం తీగ' అనే రాయాలి, పూత అనకూడదు.