బిడ్డకు మందివ్వడం అవిశ్వాసం కాదు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. తాతల కాలం నుండి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. నేను మా తెలుగు సంఘంలో సండే స్కూలు పాఠాలు చెబుతాను. మా బాబుకు పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. గత డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాడి పేరున, బైబిలు వచనం రాసి ఉండే వాగ్దానపు కార్డు ఒకటి పెట్టెలోంచి తీస్తే, "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను" అనే వాక్యం వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆ మాటనే పట్టుకుని ప్రార్థించాం. వానాకాలంలో జ్వరం, ఛాతీ నొప్పి వచ్చి, ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజున బాబు వెళ్లిపోయాడు. వాడికి 14 ఏళ్లు. నేను లోపల అనుమానించడం వల్లే వాగ్దానం నెరవేరలేదని మా అత్తగారు, ప్రార్థన గుంపు నడిపే ఆవిడ అంటున్నారు. బాబు జ్ఞాపకార్థ కూడికలో నా అవిశ్వాసాన్ని అందరి ముందూ ఒప్పుకోవాలట. మా పాపకు 8 ఏళ్లు. దానికీ అదే జబ్బు. ఈసారైనా పూర్తిగా నమ్మాలని పది రోజుల క్రితం దాని మాత్రలు ఆపించారు. మా ఆయన ఏమీ మాట్లాడరు. బైబిలు తెరిస్తే నాకు కోపం వస్తోంది. దేవుడు అబద్ధమాడాడా? లేక నా కొడుకును నేనే పోగొట్టుకున్నానా?

జవాబు: అమ్మా, మీ రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అంతకంటే ముందు పాప సంగతి. మిగతావన్నీ ఆగుతాయి, అది ఆగదు.

రేపే పాపను వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. పది రోజులుగా మందు ఆగిందని దాచకుండా చెప్పండి. రక్తపరీక్ష చేసి, ఏ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో ఆయనే చెబుతారు. ఈ జబ్బుకు సాధారణంగా ఇచ్చే హైడ్రాక్సీయూరియా, పసితనంలో ఉండే రకం హిమోగ్లోబిన్‌ను రక్తంలో పెంచుతుంది. దానివల్ల ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోవడం, రక్తనాళాల్లో అడ్డుపడటం తగ్గుతాయి. నొప్పులు, ఛాతీకి వచ్చే ప్రమాదం తగ్గేది అందుకే. అది రోజూ వేస్తేనే పనిచేసే మందు. ఈలోగా పాపకు 101 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, ఛాతీ నొప్పి, ఆయాసం కనిపించినా, ఒక్కసారిగా పాలిపోయినా, కడుపులో ఎడమవైపు ఉబ్బినా, ఒక చెయ్యో కాలో బలం తగ్గినా, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి బయలుదేరండి. ఈ జబ్బున్న పిల్లల్లో, రోగక్రిములతో పోరాడే ప్లీహం చిన్నప్పుడే దెబ్బతింటుంది కాబట్టి మామూలు జ్వరం కూడా గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. తెల్లవారాక చూద్దామని ఎవరన్నా వినకండి. ఈ విషయంలో అత్తగారి అనుమతి కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. మీరు ఆ బిడ్డ తల్లి.

మాత్ర మింగడం నమ్మకపోవడమే అనే మాట వాక్యంలో ఎక్కడుందో నాకు కనిపించలేదు. దానికి ఎదురుగా నిలిచేది మాత్రం ఉంది. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు, అతని ఆయుష్షుకు 15 సంవత్సరాలు కలుపుతానని దేవుడు యెషయా ద్వారా మాట ఇచ్చాడు. మాట ఇచ్చాక ఏం జరిగింది? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి కురుపు మీద వేయమని ఆ ప్రవక్తే చెప్పాడు. రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం తీసి అత్తగారికి మీరే చదివి వినిపించండి. సాక్షాత్తూ దేవుడు స్వస్థపరుస్తానని చెప్పిన మనిషికి కూడా మందు కట్టారు. అది రాజు అవిశ్వాసమని ఎవరూ అనలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. అదే పౌలు, తన తోటి పనివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచిపెట్టి వచ్చానని దాపరికం లేకుండా రాశాడు. ఎవరికి విశ్వాసం తక్కువైందని మనం తీర్పు చెబుదాం?

ఇంకొకటి గమనించండి. దేవాలయ శిఖరం మీద నుండి దూకమని యేసును అడిగిన సాతాను కూడా లేఖనాన్నే చూపించాడు. 91వ కీర్తనలోని వాగ్దానం అది, మాట నిజమైనదే. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అని యేసు దాన్ని తిప్పికొట్టాడు. నిజమైన వాగ్దానాన్ని అడ్డం పెట్టుకుని ప్రాణాన్ని పణంగా పెట్టడం విశ్వాసం కాదని ఆయన తేల్చేశాడు. ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను ఆ శిఖరం ఎక్కలేదు. పెద్దవాళ్లే ఎక్కించారు. కటువుగా రాస్తున్నానని తెలుసు. పాప ప్రాణం విషయంలో మెత్తగా రాయడం నా వల్ల కాదు.

ఇక మీ ప్రశ్న. నా కొడుకును నేనే పోగొట్టుకున్నానా అని అడిగారు. లేదమ్మా. ఈ జబ్బు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున జన్యువులు కలిసినప్పుడు వస్తుంది. ఇద్దరూ వాహకులైతే, అంటే ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటే ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ 4లో 1 వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచిపోయింది. ఒకే ఒక్క జన్యువు ఉన్నవాళ్లను మలేరియా అంత తేలికగా చంపలేదు కాబట్టి. కోరాపుట్, రాయగడ కొండల్లో, ఇటు మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్ వైపు ఈ జబ్బు ఇంతగా కనిపించడానికి అదొక కారణం. 2023లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టిందంటే ఎన్ని ఇళ్లలో ఈ బాధ ఉందో ఊహించండి. ఆ ఇళ్లన్నింటిలోనూ తల్లులు అనుమానించారా? మీ బాబు ఛాతీకి వచ్చినది ఈ జబ్బులో ప్రాణాలు తీసే ముఖ్యమైన కారణాల్లో ఒకటి. మీ మనసులో మెదిలిన భయానికి, వాడి ఊపిరితిత్తుల్లో జరిగినదానికి సంబంధం లేదు.

మీరు అనుమానించారనే అనుకుందాం. మంచం పక్కన కూర్చుని కొడుకు ఊపిరి లెక్కపెట్టే ఏ తల్లికి అనుమానం రాదు? మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బు పిల్లవాడితో వచ్చిన తండ్రి, నీవేమైనా చేయగలిగితే మమ్మల్ని కనికరించమని అడిగాడు. 'చేయగలిగితే' అన్నాడు, అంటే అనుమానమే. యేసు ఆ మాటను పట్టించుకోకుండా వదల్లేదు, సరిదిద్దాడు. అప్పుడా తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేక వేశాడు. నమ్మకమూ అపనమ్మకమూ రెండూ ఒకే నోట వచ్చాయి. నీ నమ్మకం పూర్తయ్యాక రమ్మని యేసు పంపేయలేదు. తండ్రి సగం విశ్వాసానికి బిడ్డను శిక్షించలేదు. మీ దేవుడు ఈయనే. తల్లి మనసులోని అనుమానాన్ని తూకం వేసి, చాల్లేదని కొడుకును తీసుకుపోయే దేవుడు సువార్తల్లో ఎక్కడా లేడు.

ఇప్పుడు కార్డు సంగతి. వాగ్దానపు కార్డులంటే నాకు చిన్నచూపు లేదు. ఆ కార్డును బైబిలు పేజీల మధ్య దాచుకుని, కష్టం వచ్చిన రోజున తీసి చదువుకుని ధైర్యం తెచ్చుకున్నవాళ్లు మన సంఘాల్లో ఎంతోమంది. కానీ పెట్టెలోంచి ఒక కార్డు తీసినప్పుడు మన చేతికి వచ్చేది ఒక్క వచనం. దాని ముందూ వెనకా ఉన్నది పెట్టెలోనే ఉండిపోతుంది. మీ బాబుకు వచ్చినది 118వ కీర్తన 17వ వచనం. చావు అంచు దాకా వెళ్లి బయటపడినవాడు గుడికి వచ్చి కృతజ్ఞతతో పాడిన పాట అది. తనకు జరిగిన మేలును చెబుతున్నాడు. ఆ పాట పాడినవాడు కూడా ఆ తర్వాత ఒకనాడు చనిపోయాడు. అంత మాత్రాన కీర్తన అబద్ధం కాలేదు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే విషయం ఒకటుంది. పస్కా భోజనంలో 113 నుండి 118 వరకు ఉన్న కీర్తనలు పాడటం యూదుల ఆచారం. చివరి రాత్రి భోజనం ముగించి, యేసు, శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి రాశాడు. వాళ్లు పాడినవి ఈ కీర్తనలే అయి ఉంటాయని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే "నేను చావను" అనే మాట ఆ రాత్రి ఆయన నోట పలికింది. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన సిలువ మీద ప్రాణం విడిచాడు. ఆ మాట నెరవేరడానికి మూడో రోజు రావాల్సి వచ్చింది. తండ్రి మాట మీద ఆయన పెట్టుకున్న నమ్మకం, చావు రాదని కాదు. చావు దాటాక కూడా తండ్రి తనను వదలడని. బాబు విషయంలో దేవుడు అబద్ధమాడలేదని నేను చెప్పగలిగేది దీన్ని బట్టే. ఆయన ఇచ్చిన మాట పునరుత్థానం గురించి. దానికి మన కార్డు మీద ఈ ఏడాది అని గడువు పెట్టుకున్నది మనం.

ఇది చదవగానే మీ కోపం పోతుందని నేననుకోవడం లేదు. పోవాలని తొందరపెట్టను కూడా. సహోదరుడు లాజరు చనిపోయాక మార్త యేసుకు ఎదురు వెళ్లి, "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. కాసేపటికి ఆమె సహోదరి మరియ వచ్చి ఆయన పాదాల మీద పడి అదే మాట అంది. అది ప్రశ్న కాదు, ఫిర్యాదు. ఆయన వాళ్లను అవిశ్వాసులనలేదు. కన్నీళ్లు పెట్టుకున్నాడు. హెబ్రీ పత్రిక 3వ అధ్యాయం హెచ్చరించే అవిశ్వాసం వేరు. అరణ్యంలో దేవుని క్రియలు కళ్లారా చూసి కూడా మనసు కఠినం చేసుకుని ఆయనను విడిచి తిరిగిపోవడం అది. మీరు వెళ్లిపోలేదు. కోపంతోనైనా ఆయన వైపే తిరిగి అడుగుతున్నారు. నన్నడిగితే, మౌనంగా ఆమేన్ అనేవాళ్ల కంటే మీరే ఆయన మాటను ఎక్కువ లక్ష్యపెడుతున్నారు. మాట మీద ఆశ పెట్టుకోనివాళ్లకు ఇంత కోపం రాదు.

కాబట్టి కొంతకాలం మీకు చేతకాని ప్రార్థనలు చేయకండి. 13వ కీర్తన, 88వ కీర్తన ఉన్నాయి. వాటిలో మీ మాటలే ఉన్నాయి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒక్కటైనా చివర రాదు. అలాంటిది కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉండనిచ్చాడు దేవుడు. అవి చదివి ఆపేయండి, చాలు. సండే స్కూలు పాఠం నాలుగైదు నెలలు వేరెవరినైనా చెప్పమనండి, కానీ సంఘానికి వెళ్లడం మానకండి. వెనక బెంచీలో కూర్చుని, పాట పాడలేకపోతే మిగతావాళ్లు పాడుతుండగా వినండి. వినడం వల్ల విశ్వాసం కలుగుతుందని పౌలు రాశాడు. మీ పాప బడిలో ఒడియా చదువుతూ ఉంటుంది కాబట్టి తెలుగు బైబిలు తనంతట తాను చదవలేకపోవచ్చు. రాత్రి పడుకునే ముందు సువార్తల్లోంచి ఒక చిన్న భాగం దానికి చదివి వినిపించండి. వివరించక్కర్లేదు. అది అడిగిన ప్రశ్నకు మీకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి.

జ్ఞాపకార్థ కూడికలో అవిశ్వాసం ఒప్పుకోమన్నారు. ఒప్పుకోకండి. చేయని నేరాన్ని దేవుని సన్నిధిలో ఒప్పుకోవడం కూడా అబద్ధమే. పైగా ఆ మాట రేపు మీ పాప చెవిన పడుతుంది. అన్న చనిపోయింది అమ్మ వల్ల అని దాని మనసులో నాటుకుంటే జీవితాంతం తీయలేరు. కూడికకు ముందే మీ పాస్టరు గారిని, వీలైతే పాస్టరమ్మ గారిని కూడా ఇంటికి పిలిచి సంగతంతా చెప్పండి. మందులు ఆపించిన విషయం తప్పకుండా చెప్పండి, ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. ఆ రోజు యోహాను సువార్త 11వ అధ్యాయం చదవమని, సాక్ష్యాల జోలికి పోకుండా పాప ఆరోగ్యం కోసం ప్రార్థించమని అడగండి. కూడిక జరిగేది మీ ఇంట్లో, మీ బిడ్డ కోసం. ఎవరు మాట్లాడాలో చెప్పే హక్కు మీకుంది. గుంపు నడిపే ఆవిడ అభ్యంతరం చెబితే, "సందేహపడువారిమీద కనికరము చూపుడి" అని యూదా పత్రికలో ఉందని పాస్టరు గారే గుర్తు చేస్తారు.

అత్తగారి గురించి ఒక్క మాట. మనవడి పేరున తీసిన ఆ కార్డును ఆమె కూడా మీలాగే పట్టుకుని కూర్చున్నారు. కార్డు తప్పని ఒప్పుకుంటే దేవుడే తప్పిపోతాడేమోనని ఆమెకు భయం. ఆ భయానికి ఎవరో ఒకరిని దోషిని చేయాల్సి వచ్చింది. మీరు దొరికారు. ఇది ఆమె చేసినదాన్ని సమర్థించడం కాదు. ఆమెతో వాదనకు దిగకుండా, "అత్తయ్యా, మీరూ నేనూ ఇద్దరం నమ్మాం, ఇద్దరం పోగొట్టుకున్నాం. పాపకు మందు మాత్రం ఆగదు" అని చెప్పండి. రెండో వాక్యాన్ని ఎన్నిసార్లయినా చెప్పండి, అదే గొంతుతో.

మీ ఆయన మౌనం నన్ను కలవరపెడుతోంది. మగవాళ్లు ఏడవకూడదని పెంచిన ఇళ్లలో దుఃఖం ఇలాగే లోపల గడ్డకడుతుంది. వైద్యుని దగ్గరకు ఆయనను కూడా తీసుకెళ్లండి. జబ్బు ఇద్దరి జన్యువుల నుండి వచ్చిందని, ఎవరి తప్పూ లేదని డాక్టరు నోట ఆయన కూడా వినాలి. మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ముందుగా చేయించుకోవాల్సిన పరీక్షల గురించీ అక్కడే అడగండి. మీకు నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలనిపించకపోయినా, ఇద్దరిలో ఎవరికైనా సరే, 14416కు ఫోను చేయండి. అది మానసిక బాధల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను సేవ. తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఒడియాలోనూ మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఏలీయా చనిపోవాలని కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందుగా చేసిన పని అతనికి రొట్టె, నీళ్లు ఇవ్వడం. తిని మళ్లీ నిద్రపోయాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత చాలా రోజులకు.

పాపను డాక్టరుకు చూపించాక ఏమన్నారో నాకు రాయండి.