నిధుల సంగతి తర్వాత, ముందు పాతబస్తీ గోడలు కొలిపించండి

"నదుల మీద, హైడ్రాలిక్స్ మీద మన కాలేజీల్లో పరిశోధన పెరగాలంటే ఏం చేయాలి? కలిసి పనిచేసేవాళ్లు, నిధులు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగారు. నేను కర్నూలులో పన్నెండేళ్లుగా, నీళ్లు ఎలా పారతాయో చెప్పే ఈ సబ్జెక్టే చెబుతున్నాను. ముందు మా ఇంటి గోడ గురించి చెప్పాలి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికొచ్చాయి. మా ఇల్లు పాతబస్తీలో. రెండు రాత్రులు మిద్దె మీదే ఉన్నాం. నీళ్లు తీశాక కింది గదిలో ఫ్యాను రెక్కలకు జానెడు కిందుగా గోడ చుట్టూ బురద గీత మిగిలింది. దారం పట్టి గీసినంత తిన్నగా ఉండింది. అది కనిపిస్తే అమ్మకు ఏడుపొచ్చేది, సంక్రాంతికి సున్నం కొట్టించేసింది. ఆమెది తప్పనను. కానీ ఆ మూడు నెలల్లో టేపు పట్టుకుని మా వీధికి ఒక్కరూ రాలేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

నాలుగేళ్ల కిందట ఫైనలియర్ పిల్లలు ఎనిమిది మందిని, ఎత్తు తేడాలు కొలిచే ఆటోలెవల్‌ను వెంటబెట్టుకుని అవే వీధుల్లోకి వెళ్లాను. ఒక అవ్వ "ఈడిదంకా వచ్చినాయి నాయనా" అని గోడ మీద చెయ్యి పెట్టింది. పక్కింటాయన కాదు, ఇంకో అడుగు పైకే అన్నాడు. ఇద్దరూ వాదులాడుకుంటుంటే, మా స్టూడెంటు అమ్మాయి ఒకతె గోడ అల్మారా తలుపు తెరిచింది. లోపలివైపు రంగు పడలేదు. గీత అలాగే ఉంది, అవ్వ చెప్పిన ఎత్తుకు రెండు వేళ్ల తేడాలో.

ఆ రోజు పిల్లలు వేసిన ప్రశ్నలు నేను క్లాసులో ఎప్పుడూ వినలేదు. పెద్ద నది నిండుగా ఉంటే అందులో కలిసే చిన్న నది వెనక్కి ఎగదన్నుతుందని పుస్తకంలో బ్యాక్‌వాటర్ కింద చదివినవాళ్లే, అది వీధిలో ఎంత దూరం వస్తుందని అక్కడ నిలబడి అడిగారు. ఖర్చు ఆటోకి, టీకి అయినంతే.

నదిలో నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో లెక్కగట్టే హెచ్ఈసీ-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఉచితంగానే ఇస్తోంది. నది అడుగు ఎంత గరుకో చెప్పే మ్యానింగ్ ఎన్ విలువ 0.03 వేసినా, 0.05 వేసినా అది అందమైన బొమ్మే ఇస్తుంది. నీళ్ల ఎత్తు మాత్రం మారిపోతుంది. ఏది నిజమో తేల్చేది ఆ అల్మారా తలుపే. నేను ఇంతకుముందు పనిచేసిన కాలేజీలో ఫ్లూమ్ (ల్యాబులో నీళ్లు పారించి కొలిచే కాలువ) మోటారు కాలిపోయి మూడేళ్లు అలాగే పడి ఉంది. పిల్లలు సీనియర్ల రికార్డులు చూసి రీడింగులు రాసుకున్నారు, మార్కులూ పడ్డాయి. ఇలా చదివినవాళ్లు రేపు డ్యాము గేట్ల దగ్గర కూర్చుంటారంటే నాకు టెన్షనే.

కలిసి పనిచేయడమంటే పెద్ద ఒప్పందాలే కావాలని లేదు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ మీద ముప్పై ఏళ్లు నీళ్లు వదిలే పని చేసిన లస్కర్‌ను ఒక పూట క్లాసుకు పిలవండి. నాచు పట్టిన చోట నీళ్లు ఎంత మందగిస్తాయో ఆయన చెబుతాడు, పిల్లలు అక్కడే చెక్కముక్క వదిలి సెకన్లు లెక్కపెట్టుకుంటారు. పైన తేలిన వేగాన్ని 0.85తో గుణిస్తే సగటు వేగం ఉజ్జాయింపుగా వస్తుంది.

కడప వైపు లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు ముంచిన ఊళ్లకు పిల్లల్ని తీసుకెళ్లండి. గోడలకు సున్నం పడే ఉంటుంది. అల్మారా తలుపులు తెరిచి చూడండి.