స్టాండ్ మీద సైకిల్ తొక్కితే టైర్ జారుతోంది, మోత కూడా
ఇంట్లోనే కదలకుండా తొక్కడానికి వాడే ట్రైనర్ స్టాండ్‌కి వెనక చక్రం బిగించి తొక్కుతుంటే టైర్ దాని రోలర్ (టైర్‌కి ఆనుకుని తిరిగే ఉరుళ్ల లాంటిది) మీద జారుతోంది, నల్ల పొడి రాలుతోంది, మోత భరించలేకపోతున్నాం అన్నారు కదండీ, మీది గళ్ల టైర్ అయ్యుంటుంది, ఆ గళ్లే రోలర్‌ని దడదడా కొడుతుంటాయి. నున్నటి స్లిక్ టైర్ వేయించండి, సగం గోల అక్కడే పోతుంది. తొక్కే ముందు ప్రతిసారీ గాలి చూస్కోండి, ఎంత పట్టాలో టైర్ పక్కనే రాసుంటుంది, గాలి తక్కువుంటే ఎంత బిగించినా జారుతూనే ఉంటుంది. రోలర్ టైర్‌కి తాకాక, దాన్ని టైర్‌కి నొక్కే నాబ్ ఇంకో రెండు మూడు చుట్లు తిప్పి, రోలర్‌ని కదలకుండా పట్టుకుని చక్రాన్ని లాగి చూడండి, జారకపోతే చాలు, ఇంకా బిగిస్తే టైర్ అరిగిపోద్ది (నేను అలాగే ఒకటి తగలేశా). వెనక చక్రం ఇరుసులోంచి దూర్చి లివర్‌తో బిగించే కడ్డీ ఉంటుంది కదా, క్విక్ రిలీజ్ స్క్యూయర్ అంటారు, స్టాండ్‌తో వచ్చిందే వాడండి, సైకిల్‌ది సరిగ్గా కూర్చోదు. ముందు చక్రం కింద దిమ్మ పెట్టకపోతే పల్లంలోకి దిగుతున్నట్టుండి అరచేతులు నొప్పెడతాయి. కింద ఇంట్లో వాళ్లుంటే మందపాటి రబ్బర్ మ్యాట్ వేయండి. ఫ్యాన్ మాత్రం తప్పదు, బయటలా ఎదురుగాలి ఉండదు కదా, చెమట ధారగా కారుద్ది, హ్యాండిల్ మీద తువ్వాలు వేస్కోండి, ఆ ఉప్పుకి బోల్టులు తుప్పు పట్టేస్తాయి.