కోడలి పూర్వీకులను వెతకాలంటే పెళ్లిళ్లను పట్టుకోండి

ప్రశ్న: మా అబ్బాయి మాంట్రియల్‌లో స్థిరపడి, అక్కడి ఫ్రెంచి కుటుంబంలోని అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. తమ మూలపురుషుడు పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చి సెయింట్ లారెన్స్ నది ఒడ్డున సేద్యం చేశాడని, ఆ తరువాత ఎప్పుడో ఇంటిపేరు మారిందని వియ్యంకులు చెబుతారు. అంతకు మించి వారికి తెలియదు. మనవరాలి కోసం మా వైపు వంశవృక్షం రాసిపెట్టాను. తల్లి వైపుది గుంటూరులో కూర్చుని రాయగలనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పకుండా రాయగలరమ్మా. మాంట్రియల్ ఉన్న కెనడా రాష్ట్రం కెబెక్‌లో కాథలిక్ చర్చిలు బాప్తిస్మాలను, వివాహాలను, ఖననాలను నమోదు చేసిన రిజిస్టర్లకు రెండో ప్రతి తీసి న్యాయస్థానానికి అప్పగించే పద్ధతి ఉండేది కనుక, ఆ కాలపు నమోదుల్లో అత్యధిక భాగం నేటికీ నిలిచి ఉంది.

అయితే ఇంటిపేరును పట్టుకుని వెనక్కి వెళ్లకండి. 1665లో ఫ్రాన్సు నుంచి వచ్చిన కారిన్యాన్-సాలియేర్ అనే పటాలంలోని సైనికులకు అసలు పేరుతో పాటు పటాలంలో పెట్టిన మరో పేరు ఉండేది. వారిలో సుమారు 400 మంది అక్కడే ఉండిపోయారు. తరువాతి తరాల్లో ఒక అన్న ఒక పేరును, తమ్ముడు రెండో పేరును నిలుపుకోవడం సాధారణం. సైనికులు కాని కుటుంబాల్లోనూ ఈ అలవాటు ఉండేది.

నమ్మదగిన దారి వివాహ నమోదు. అందులో వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి, స్త్రీలను పుట్టింటి పేరుతోనే రాస్తారు. అందువల్ల ఒక పెళ్లి దొరికితే దాని వెనుక రెండు పెళ్లిళ్లకు దారి దొరుకుతుంది. పునర్వివాహమైతే తల్లిదండ్రులకు బదులు గతించిన భార్య లేదా భర్త పేరు మాత్రమే కనిపించవచ్చు. అప్పుడు మొదటి పెళ్లిని వెతకాలి. మన వంశవృక్షాల్లో ఆడవారి పేర్లు తరచుగా కనిపించకపోవడం నన్ను ఎప్పుడూ బాధించే విషయం. మీరు రాస్తున్నది మనవరాలి కోసం కనుక, అక్కడ దొరికే ప్రతి స్త్రీ పేరునూ వదలకుండా రాయమని కోరుతున్నాను.

మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో 1966లో మొదలైన చారిత్రక జనాభా పరిశోధన పథకం ఈ నమోదులను కుటుంబాలవారీగా కూర్చింది. దానితో సరిపోల్చకుండా, ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని యథాతథంగా ఎత్తి రాసుకోవద్దు.

పేర్లు తేలాక భూమి వైపు చూడండి. ఆ రైతు జీవితం తెలిసేది అక్కడే. 1681 జనాభా లెక్కల్లో కుటుంబ సభ్యుల వయసులతో పాటు తుపాకులు, పశువులు, సాగులో ఉన్న అర్పెంట్లు కూడా రాశారు. ఒక అర్పెంట్ మన లెక్కలో దాదాపు 84 సెంట్లు. జమీందారు వంటి సెన్యూర్ దగ్గర రైతు పొందిన భూమి సాధారణంగా నది వైపు సన్నని ముఖంతో, లోపలికి పొడవుగా సాగిన పట్టీగా ఉండేది. ఆ భూమి పత్రాలు, పెళ్లి ఒప్పందాలు, యజమాని మరణించాక ఇంట్లోని కుండలు, నాగళ్లు, ఎద్దులు, అప్పులు లెక్కగట్టిన జాబితాలు నోటరీల దస్తావేజుల్లో ఉన్నాయి. వాటిలో చాలా భాగాన్ని కెబెక్ జాతీయ గ్రంథాలయం, ఆర్కైవ్స్ సంస్థ ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచింది. పాత చేతిరాతను చదవడానికి మీ కోడలి సాయం తీసుకోండి.

ఫ్రాన్సు నుంచి వచ్చిన మొదటి వ్యక్తి వివాహ నమోదులో, అతని స్వస్థలపు చర్చి, డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) పేర్లు తరచుగా ఉంటాయి. వాటిని బట్టి ఆ ఊరు నేడు ఏ జిల్లాలో ఉందో తెలుసుకుని, ఆ జిల్లా ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో బాప్తిస్మాల రిజిస్టర్లు చూడాలి. ఫ్రాన్సులో రెండు ప్రతులు తీయాలన్న నియమం 1667లో గట్టిపడింది. అంతకు ముందువి చాలా చోట్ల నశించాయి. బాప్తిస్మం దొరకకపోతే అక్కడే ఆగిపోకండి. మూడేళ్లు పనిచేస్తామని ఒప్పుకుని ఓడ ఎక్కిన వారిలో చాలామంది లా రోషెల్ రేవు నుంచి బయలుదేరారు కనుక, ఆ ఊరి నోటరీలు రాసిన ఒప్పందాల్లో కూడా అతని పేరు కోసం చూడండి.