ఉబుంటులో సీమ్యాప్ టూల్స్: పర్మిషన్ టిక్ నిలవడం లేదా?

తేడా ఉబుంటులో కాదు, పెన్‌డ్రైవ్‌లో ఉండి ఉంటుంది. ద్వారకానగర్ నెట్ సెంటర్‌లో దించుకున్న సీమ్యాప్ టూల్స్ (కాన్సెప్ట్ మ్యాప్‌లు గీసే ప్రోగ్రామ్) బిన్ ఫైల్‌ని, అంటే దాని ఇన్‌స్టాలర్‌ని, పెన్‌డ్రైవ్ నుంచే నడపబోతే "పర్మిషన్ డినైడ్" వస్తోందన్నారు కదా. పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉంటాయి. ఉబుంటు లాంటి లినక్స్ సిస్టమ్‌ల పర్మిషన్లు (ఫైల్‌ని ప్రోగ్రామ్‌గా నడపొచ్చనే అనుమతి లాంటివి) అందులో నిలవవు. మీరు టిక్ పెడతారు, అది చప్పుడు లేకుండా పోతుంది. నేనూ ఒక సాయంత్రమంతా దీనితోనే కుస్తీ పట్టాను.

1. ముందు ఫైల్‌ని హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అందరూ వదిలేసేది ఇదే.
2. అక్కడున్న కాపీ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. ప్రోగ్రామ్‌గా నడవడానికి అనుమతించే ఆప్షన్ ఆన్ చేయండి. ప్రాపర్టీస్ మూసి మళ్లీ తెరిచి, అలాగే ఉందో లేదో చూడండి.
3. టెర్మినల్ తెరిచి ఫైల్‌ని అందులోకి లాగి వదిలి, ఎంటర్ నొక్కండి. సూడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) అక్కర్లేదు, హోమ్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకోండి.

మీ చెల్లి మ్యాక్ ఈ ప్రోగ్రామ్‌ని తెరవనివ్వకుండా ఆపేస్తే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, కిందకి జరిపి "ఓపెన్ ఎనీవే" నొక్కమనండి. మ్యాక్ ఓఎస్ సెకోయా వెర్షన్ నుంచి, రైట్ క్లిక్ చేసి ఓపెన్ నొక్కే పాత చిట్కా పనిచేయదు. విండోస్‌లో డబుల్ క్లిక్ చాలు.